రెండోసారి కొట్లాట కేసు: చట్టంలో ఉన్న శిక్ష ఎంత, కోర్టులో పడేది ఎంత

మొదటి కొట్లాట కేసు ఎలాగో గట్టెక్కిన మనిషి మీద కొన్నేళ్లు తిరగకముందే అలాంటిదే రెండో కేసు నమోదైతే, ఆ ఇంట్లో అందరినీ పట్టుకునే భయం ఒకటే: ఈసారి జైలు తప్పదా? మెజిస్ట్రేట్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిగా ఈ ప్రశ్నను నేను తరచూ వింటుంటాను. దానికి వచ్చే జవాబుల్లో రెండు రకాల అతిశయోక్తులు ఉంటాయి. "రెండోసారి కాబట్టి శిక్ష రెట్టింపు" అని భయపెట్టేవారు కొందరు, "చిన్న సెక్షనే కదా, జరిమానాతో పోతుంది" అని తేల్చేసేవారు మరికొందరు. ఈ రెండూ తప్పే. మన దేశంలో మామూలు కొట్లాట కేసు రెండోదైనంత మాత్రాన గరిష్ఠ శిక్ష పెరగదు. కానీ మొదటిసారి ముద్దాయికి అందుబాటులో ఉన్న దయగల దారుల్లో కొన్ని రెండోసారి మూసుకుపోతాయి. అవి ఎన్ని మూసుకుపోతాయన్నది రెండో కేసులో ఏం జరిగిందన్నదానికన్నా మొదటి కేసు ఎలా ముగిసిందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

ముందుగా సెక్షన్ల సంగతి చూద్దాం. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన ఘటనలకు పాత భారతీయ శిక్షాస్మృతే వర్తిస్తుంది కనుక, ఒకే మనిషి మీద మొదటి కేసు పాత చట్టం కింద, రెండోది కొత్త చట్టం కింద ఉండటం ఇప్పుడు మామూలైంది. చేత్తో కొట్టి నొప్పి కలిగించడం, అంటే స్వల్పగాయం చేయడం, పాత చట్టంలో 323వ సెక్షన్. దానికి ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉండేవి. కొత్త సంహితలో అది 115(2) అయింది. జైలు కాలపరిమితి ఏడాదిగానే ఉంచి, జరిమానాను 10,000 రూపాయల వరకు పెంచారు. దెబ్బ తగలకుండా కేవలం మీదికి వెళ్లడం, చొక్కా పట్టుకుని గుంజడం, తోసేయడం వంటివి 131వ సెక్షన్‌లోకి వస్తాయి. వాటికి మూడు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అవతలివాడు తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టినందువల్ల చేయి చేసుకున్నట్టు తేలితే 122(1) కింద గరిష్ఠ శిక్ష ఒక నెల జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వీటిలో దేనికీ కనిష్ఠ శిక్ష లేదు. అంటే 115(2) కింద నేరం రుజువైన తరువాత మెజిస్ట్రేట్ చిన్న జరిమానాతో వదిలేయవచ్చు, ఏడాది జైలుకూ పంపవచ్చు. ఈ రెండింటి మధ్య ఉన్న స్థలమంతా ఆయన విచక్షణదే.

నేరం తిరిగి చేస్తే శిక్ష పెంచే నిబంధన మన చట్టంలో లేదని కాదు. పాత శిక్షాస్మృతిలో 75వ సెక్షన్, కొత్త సంహితలో 13వ సెక్షన్ అందుకోసమే ఉన్నాయి. అయితే అవి నాణేలు, కరెన్సీ నోట్లు, స్టాంపులకు సంబంధించిన నేరాలకూ, దొంగతనం, మోసం వంటి ఆస్తి నేరాలకూ మాత్రమే, అది కూడా మూడేళ్లు లేదా అంతకుమించి జైలు పడగల నేరాలకే వర్తిస్తాయి. మనిషి ఒంటి మీద చేసే గాయాలు ఆ పరిధిలో లేవు. దొంగతనం రెండోసారి చేసినవాడి గురించి అంతగా ఆలోచించిన చట్టం, సాటి మనిషిని రెండోసారి కొట్టినవాడి గురించి ఏమీ చెప్పకపోవడం నాకు న్యాయంగా అనిపించదు. అయినా ఉన్న చట్టం అది. దీనికి ముఖ్యమైన మినహాయింపు షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం. ఆ చట్టం కింద ఒకసారి శిక్షపడిన వ్యక్తి అదే చట్టం కింద రెండోసారి దోషిగా తేలితే, 5వ సెక్షన్ ప్రకారం ఏడాదికి తక్కువ కాకుండా జైలు శిక్ష వేయాలి. పైగా 19వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు దాటినవారికి ప్రొబేషన్ సౌకర్యం, అంటే జైలుకు బదులు సత్ప్రవర్తన షరతు మీద విడుదల, కూడా లేదు. కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో ఆ చట్టం సెక్షన్లు కూడా ఉన్నాయేమో ముందే చూసుకోవాలి. ఉంటే, ఇక్కడ నేను రాస్తున్న చాలా మాటలు ఆ కేసుకు వర్తించవు.

ఇక అసలు విషయానికి వస్తే, "రెండో కేసు" అని ఇంట్లోవాళ్లు అనుకునేదీ, కోర్టు అనుకునేదీ ఒకటి కాదు. కోర్టుకు లెక్కలోకి వచ్చేది గతంలో పడిన కేసు కాదు, గతంలో రుజువైన నేరం. మొదటి కేసు కొట్టేసి ఉంటే అది లెక్కలోకి రాదు. ఇరుపక్షాలూ రాజీపడి ముగించుకుని ఉంటే, ఆ రాజీకి చట్టప్రకారం నిర్దోషిగా విడుదలైనంత ఫలితం ఉంటుంది కనుక అదీ లెక్కలోకి రాదు. ఇంకా విచారణలో ఉంటే ముద్దాయిని అప్పటికి దోషి అనడానికి వీల్లేదు. కొట్లాట కేసుల్లో సాక్షులు ఎదురు తిరగడమో, పెద్దలు కూర్చుని రాజీ కుదర్చడమో ఎక్కువగా జరుగుతుంది కాబట్టి, "ఇది రెండోది" అని కంగారుపడుతూ వచ్చే చాలామందికి చట్టం దృష్టిలో అది మొదటిదే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి కూడా ఉంది, దాని గురించి ఎవరూ ముందుగా హెచ్చరించరు. పని మానుకుని వాయిదాలకు తిరగలేక, కొద్దిపాటి జరిమానా కట్టేస్తే పీడ వదులుతుందనుకుని, ఏదో ఒక చిన్న కేసులో నేరం ఒప్పుకునేవారు చాలామంది ఉంటారు. ఆ రోజు అది కేసు వదిలించుకోవడంలాగే కనిపిస్తుంది. రికార్డులో మాత్రం అది నేరనిర్ధారణే. కొన్నేళ్ల తరువాత అసలైన చిక్కు వచ్చినప్పుడు, ఆ చిన్న జరిమానా కాగితమే "గతంలో శిక్ష పడింది" అన్న రుజువుగా ఎదురు నిలుస్తుంది. ఆ పాత నేరం కొట్లాటే అయి ఉండాలన్న నియమం కూడా, కింద చెప్పే ప్రొబేషన్ నిబంధనల్లో లేదు. నేరం ఒప్పుకునే ముందు ఒక్కసారి న్యాయవాదితో మాట్లాడమని నేను ఇంతగా బతిమాలేది అందుకే. వకీలు ఫీజు భరించలేనివారికి, అర్హతను బట్టి, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది.

గతంలో శిక్ష పడిందన్నది నోటిమాటగా చెబితే సరిపోదు. ఆ తీర్పు ఇచ్చిన కోర్టు రికార్డు నుంచి ధ్రువీకరించిన ప్రతిని గానీ, జైలు అధికారి ధ్రువపత్రాన్ని గానీ దాఖలు చేసి, అందులో ఉన్న వ్యక్తి, ఇప్పుడు ముద్దాయి బోనులో ఉన్న వ్యక్తి ఒకరేనని ప్రాసిక్యూషన్ చూపించాలి. అంతేకాదు, పాత శిక్షను చూపించి "ఇతను కొట్టే స్వభావం ఉన్నవాడు, కాబట్టి ఈసారీ ఇతనే కొట్టి ఉంటాడు" అని వాదించడానికి సాక్ష్య చట్టం మామూలుగా అనుమతించదు. పాత ఎవిడెన్స్ చట్టంలో 54, కొత్త భారతీయ సాక్ష్య అధినియమంలో 49వ సెక్షన్ చెప్పేది అదే. ముద్దాయి తానే తన మంచి నడవడి గురించి సాక్ష్యం పెట్టుకుంటే మాత్రం, దానికి జవాబుగా ఎదుటిపక్షం పాత శిక్షను బయటికి తీయవచ్చు. అలా కానప్పుడు పాత శిక్ష ప్రభావం దోషి అని తేలిన తరువాత, శిక్ష ఎంత అన్న దగ్గరే ఉండాలి.

సరే, పాత శిక్ష రుజువైందనుకుందాం. అప్పుడు పోయేవి ఏమిటి? మొదటిది, 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టంలోని 3వ సెక్షన్. రెండేళ్లకు మించని జైలుశిక్ష గల నేరాల్లో దోషిని మందలించి ఇంటికి పంపే అధికారం ఆ సెక్షన్ ఇస్తుంది. కానీ గతంలో ఏ నేరమూ రుజువై ఉండకూడదు. ఇదివరకు ఇదే సెక్షన్ కిందో, 4వ సెక్షన్ కిందో విడుదలై ఉన్నా దానిని పాత శిక్షగానే లెక్కించాలని ఆ సెక్షన్ వివరణలో స్పష్టంగా ఉంది. రెండోది, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 360గా ఉండి, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 401గా ఉన్న సెక్షన్. సత్ప్రవర్తన మీద విడుదల చేసే ఈ నిబంధనకు కూడా గతంలో శిక్ష పడి ఉండకూడదన్నది షరతు. మూడోది ప్లీ బార్గెయినింగ్. నేరం ఒప్పుకుని, బాధితుడికి పరిహారం చెల్లించి, తగ్గించిన శిక్ష పొందే ఈ పద్ధతికి దరఖాస్తు చేసేటప్పుడు, ఇదే నేరంలో ఇంతకుముందు తనకు శిక్ష పడలేదని ముద్దాయి ప్రమాణపత్రం ఇవ్వాలి. పడినవాడు ఆ ప్రమాణం చేయలేడు.

మిగిలే దారి ప్రొబేషన్ చట్టంలోని 4వ సెక్షన్, నా దృష్టిలో రెండో కేసు మొత్తానికీ ఆయువుపట్టు అదే. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలను మినహాయించి, మిగతా వాటిలో దోషిని మూడేళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు రాయించుకుని విడుదల చేయవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. పాత శిక్ష ఉండకూడదన్న షరతు అందులో లేదు. అయినా దీన్ని అడిగేవారు తక్కువ. రెండోసారి కదా, ప్రొబేషన్ ఎలాగూ రాదనుకుని మా న్యాయవాదులే ఆ వాదన వదిలేయడం నేను చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను. వస్తుందని హామీ లేదు. నేరం స్వభావాన్నీ, మనిషి నడతనూ కోర్టు తూచి చూస్తుంది, ప్రొబేషన్ అధికారి నివేదిక ఉంటే దాన్నీ పరిగణిస్తుంది. ఆ నివేదికలో స్థిరమైన ఉపాధి, మీద ఆధారపడిన కుటుంబం, మద్యం మానడానికి తీసుకుంటున్న చికిత్స, పాత ఘటనకూ కొత్త ఘటనకూ మధ్య ప్రశాంతంగా గడిచిన కాలం కనిపిస్తే ఆ వాదనకు బలం వస్తుంది. ముద్దాయికి ఇరవై ఒక్క ఏళ్లు నిండకపోతే 6వ సెక్షన్ అదనపు రక్షణ ఇస్తుంది. అతన్ని జైలుకు పంపాలనుకుంటే, ఎందుకు పంపక తప్పదో కోర్టు కారణాలు రాయాలి.

ప్రమాదం మరోవైపు నుంచి కూడా ఉంది. మొదటి కేసులో 4వ సెక్షన్ కింద బాండు మీద విడుదలై, ఆ బాండు గడువు ముగియకముందే మళ్లీ చేయి చేసుకుంటే, రెండో కేసు సంగతి అటుంచి, మొదటి కేసే తిరిగి లేస్తుంది. బాండు షరతులు తప్పాడని తేలితే 9వ సెక్షన్ కింద మొదటి నేరానికి అప్పుడు వేయని శిక్షను కోర్టు ఇప్పుడు వేయవచ్చు. రెండో కేసు పడిందని ఎవరు వచ్చినా నేను మొదట అడిగేది మొదటి కేసు తీర్పు ప్రతి, బాండు ఉంటే దాని గడువు తేదీ.

సమాజసేవ శిక్ష గురించి ఈమధ్య చాలామంది ఆశగా అడుగుతున్నారు. కొత్త సంహిత దాన్ని ప్రవేశపెట్టిన మాట నిజమే కానీ, 5,000 రూపాయల లోపు విలువ గల మొదటిసారి దొంగతనం, తాగి బహిరంగ ప్రదేశంలో అల్లరి, పరువునష్టం వంటి కొద్ది నేరాలకే పరిమితం చేసింది. స్వల్పగాయం కేసుకు అది లేదు.

మరి మెజిస్ట్రేట్ ఏం చూసి శిక్ష నిర్ణయిస్తారు? రాసిపెట్టిన కొలమానం మన దగ్గర లేదు. శిక్షల విధింపుకు మార్గదర్శకాలు కావాలని 2003లో జస్టిస్ మలిమత్ కమిటీ సిఫారసు చేసింది. శిక్ష విధింపు విషయంలో మన వ్యవస్థ ఇంకా స్థిరమైన సూత్రాలను ఏర్పరచుకోలేదని 2008లో పంజాబ్ రాష్ట్రం వర్సెస్ ప్రేమ్‌సాగర్ కేసులో సుప్రీంకోర్టే విచారం వ్యక్తం చేసింది. ఇంగ్లండులో ఇదే స్థాయి నేరానికి గరిష్ఠ శిక్ష ఆరు నెలలు. అక్కడ పాత శిక్షలు, అవి ఎంత కాలం క్రితంవి, ఇప్పటి నేరానికి వాటికీ ఎంత పోలిక ఉందన్నది శిక్షను పెంచే అంశాలుగా చట్టంలోనే ఉన్నాయి. దానికి తోడు అచ్చువేసిన మార్గదర్శకాలు ఉన్నాయి, జడ్జి మొదలుపెట్టవలసిన స్థాయి ముందే తెలుస్తుంది. మన దగ్గర అలాంటిది లేకపోవడం వల్ల ఒకే రకమైన కేసుకు పక్కపక్క కోర్టుల్లో వేర్వేరు శిక్షలు పడటం జరుగుతుంది.

కొలమానం లేకపోయినా తూచే అంశాలు దాదాపు అందరికీ ఒకటే. అన్నిటికన్నా ముందు, రెండుసార్లూ దెబ్బ తిన్న మనిషి ఒకరేనా అన్నది. ఒకే వ్యక్తిని మళ్లీ కొట్టడం అంటే ఆవేశం కాదు, వెంటపడటం అని కోర్టు అర్థం చేసుకుంటుంది. నా అభిప్రాయంలో అలా అర్థం చేసుకోవడం సరైనదే. ఆ తరువాత రెండు ఘటనల మధ్య గడిచిన కాలం, వూండ్ సర్టిఫికెట్‌లో గాయం గురించి డాక్టరు రాసిన మాటలు, ముందు చేయి లేపిందెవరు, రెచ్చగొట్టడం ఏమైనా ఉందా, దెబ్బ తిన్నవారు పిల్లలా, వృద్ధులా, ఘటన తరువాత ముద్దాయి ఎలా నడుచుకున్నాడు, పరిహారం ఏమైనా ఇచ్చాడా అన్నవి. సమన్సు కేసుల్లో, అంటే రెండేళ్లకు మించి జైలు పడని చిన్న కేసుల్లో, శిక్షపై ప్రత్యేకంగా వాదన వినాలన్న నిర్బంధం, సెషన్స్ కేసుల్లో ఉన్నట్టు, చట్టంలో లేదు. అందువల్ల ఈ అంశాలు చెప్పుకోవాలనుకున్న ముద్దాయి వాటికి సంబంధించిన కాగితాలను తీర్పు రోజు కన్నా ముందే సిద్ధం చేసుకోవాలి. తీర్పు వెలువడే నిమిషంలో "ఏమైనా చెప్పుకుంటావా" అని అడిగితే, "పిల్లలున్నారు సార్" అన్న ఒక్క ముక్క తప్ప మరేమీ నోటికి రాని మనుషులను ఎంతోమందిని చూస్తాం.

ఇక అంచనా. ఇది నా అనుభవం మీద చెప్పేది మాత్రమే, హామీ కాదు. పాత శిక్ష చాలా ఏళ్ల క్రితంది, వేరే వ్యక్తితో గొడవ, ఇప్పటి గాయం చిన్నది అయితే జరిమానా, దానికి తోడు కోర్టు ముగిసే వరకు కోర్టు హాల్లోనే ఉండమనే శిక్ష, లేదా 4వ సెక్షన్ బాండు రావడానికే అవకాశం ఎక్కువ. పాత శిక్ష ఇటీవలిదే అయి, అది కూడా కొట్లాటకే అయితే, కొద్ది వారాల నుంచి కొద్ది నెలల వరకు జైలు నిజమైన ప్రమాదమే. ఒకే బాధితుడు, లేదా బాండు గడువులో ఉండగానే మళ్లీ దాడి అయితే, జైలు లేకుండా బయటపడతానన్న ధీమా పెట్టుకోకూడదు. అలాంటప్పుడు కూడా పూర్తి ఏడాది పడటం అరుదు. కేసును సంక్షిప్త విచారణ పద్ధతిలో, అంటే చిన్న కేసులను త్వరగా ముగించే పద్ధతిలో, నడిపితే మూడు నెలలకు మించి జైలు వేయడానికి వీల్లేదన్నది కూడా గుర్తుంచుకోదగ్గది. జరిమానా కట్టలేకపోతే దానికి బదులుగా వేసే జైలు, ఆ సెక్షన్ గరిష్ఠ జైలు కాలంలో నాలుగో వంతు దాటకూడదు. 115(2) విషయంలో అది మూడు నెలలు.

అంచనాను తలకిందులు చేసేవి పక్కనున్న సెక్షన్లు. పెద్ద ఘర్షణ ఏదీ జరగకపోయినా, 115(2)తో పాటు దారి అడ్డగించడానికి 126(2), ఉద్దేశపూర్వకంగా అవమానించడానికి 352, బెదిరింపుకు 351(2) కలిపి చార్జిషీటు వేయడం మామూలు. చివరి రెండింటికీ రెండేళ్ల వరకు జైలు ఉంది, అంటే చిన్నదనుకున్న కేసులో అసలు బరువు అక్కడ ఉంటుంది. కర్రో రాయో ప్రమాదకరమైన ఆయుధంగా వాడారని తేలితే 118(1) కింద మూడేళ్ల వరకు వెళుతుంది. ఎముక విరిగినా, పన్ను ఊడినా అది స్వల్పగాయం కాదు, తీవ్రగాయం. దానికి 117(2) కింద ఏడేళ్ల వరకు ఉంది. విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద చేయి వేస్తే 132, దెబ్బ తగిలితే 121(1) వస్తాయి. అందుకే "కొట్లాట కేసు" అన్న మాట విని ఎవరూ ఏ అంచనాకూ రాకూడదు, చార్జిషీటు మొదటి పేజీ చూసిన తరువాతే మాట్లాడాలి.

రాజీకి రెండోసారి కూడా అడ్డు లేదు. 115(2) నేరాన్ని దెబ్బ తిన్న వ్యక్తి కోర్టు అనుమతితో పని లేకుండానే రాజీ చేసుకోవచ్చు. పాత శిక్ష వల్ల శిక్ష పెరిగే కేసుల్లో రాజీ కుదరదన్న నిబంధన ఉన్నా, స్వల్పగాయానికి అలాంటి పెంపు లేదని పైన చూశాం కనుక అది ఇక్కడ వర్తించదు. లోక్ అదాలత్‌లో ఈ కేసులు ఒక్కరోజులో ముగుస్తాయి. ఇరుగుపొరుగు గొడవల్లో, అన్నదమ్ముల పొలం తగాదాల్లో రాజీ మంచిదనే నేను సలహా ఇస్తాను. కానీ రెండోసారి దెబ్బ తిన్న మనిషిని పెద్దలు కూర్చోబెట్టి, అతని ఇష్టంతో పని లేకుండా సంతకం పెట్టించే రాజీలను నేను సమర్థించలేను. భార్యను కొట్టిన కేసుల్లో ఇది మరీ అన్యాయం. అక్కడ 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు అడిగే హక్కు ఆమెకు ఉందని ముందు ఆమెకు చెప్పాలి, రాజీ సంగతి ఆ తరువాత.

దెబ్బ తిన్నవారి వైపు నుంచి అడగదగ్గవి రెండున్నాయి, రెండూ కోర్టుల్లో తక్కువగా వినిపిస్తాయి. ఒకటి సురక్షా సంహిత 125వ సెక్షన్. దాడి, బలప్రయోగం వంటి నేరాల్లో శిక్ష వేసేటప్పుడే, మూడేళ్లకు మించని కాలం శాంతి కాపాడతానని దోషి చేత బాండు రాయించే అధికారం ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్‌కు ఉంది. మన ఊళ్లలో బైండోవర్ అని అందరికీ తెలిసింది తహసీల్దారు దగ్గర జరిగేది. అది 126వ సెక్షన్ కింద శాంతిభంగం జరగకుండా ముందుజాగ్రత్తగా ఏడాది లోపు కాలానికి రాయించేది. 125 అలా కాదు, అది తీర్పులో భాగంగా వస్తుంది. రెండోది 395వ సెక్షన్ కింద పరిహారం. మందుల ఖర్చు, పోయిన కూలి డబ్బు ఫిర్యాది చేతికి వచ్చేలా చూడటం, ఖజానాకు వెళ్లే జరిమానా కన్నా ఆ మనిషికి ఎక్కువ న్యాయం చేస్తుంది. నెల రోజుల జైలు కన్నా మూడేళ్ల బాండు, పరిహారం కలిసి రెండు ఇళ్ల మధ్య మూడో గొడవను ఆపగలవని నేను గట్టిగా నమ్ముతాను. ప్రాసిక్యూటర్లు ఈ రెండింటినీ అలవాటుగా అడగాలని నా కోరిక.

ఉద్యోగం మాట కూడా చాలామందిని వేధిస్తుంది. ప్రభుత్వోద్యోగ దరఖాస్తులో కేసుల వివరం అడిగినప్పుడు దాచడమే చాలాసార్లు కేసు కన్నా పెద్ద నష్టం చేస్తుంది. అవతార్ సింగ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్నపాటి నేరాల విషయంలో యజమాని ఉదారంగా వ్యవహరించవచ్చని చెబుతూనే, అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని స్పష్టం చేసింది. ప్రొబేషన్ కింద విడుదలైనవారికి, శిక్ష వల్ల కలిగే చట్టపరమైన అనర్హత తగలకుండా ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ కాపాడుతుంది. అయితే నేరం రుజువైందన్న వాస్తవం దానితో చెరిగిపోదు.

చివరికి జైలు శిక్షే పడిందనుకుందాం. ఆ రోజే నేరుగా జైలుకు వెళ్లవలసి వస్తుందని కుటుంబం హడలిపోతుంది. అప్పటివరకు బెయిలు మీద ఉండి, శిక్ష మూడేళ్లకు మించనప్పుడు, తాను అప్పీలుకు వెళతానని ముద్దాయి చెబితే, ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప, అప్పీలు వేసి పైకోర్టు ఉత్తర్వు తెచ్చుకోవడానికి చాలినంత కాలం అదే మెజిస్ట్రేట్ బెయిలు ఇవ్వాలని సురక్షా సంహిత 430వ సెక్షన్ చెబుతుంది. జామీనుదారులను తీర్పు రోజున వెంట తీసుకురమ్మని నేను చెప్పేది ఇందుకే. సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు ముప్పై రోజులు. ప్రొబేషన్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం 4వ సెక్షన్ కింద విడుదల చేసే అధికారం అప్పీలు వినే కోర్టుకూ ఉంటుంది కాబట్టి, కింద అడగకుండా వదిలేసిన ప్రొబేషన్‌ను అక్కడ అడగవచ్చు. అప్పీలు నడుస్తుండగా ఫిర్యాది మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, ఆ కోర్టు అనుమతి తీసుకుని రాజీ కూడా దాఖలు చేయవచ్చు.